విలన్‌కి భోజనం

ఎవరి కథ చేతికిచ్చినా సుభద్రమ్మగారు చూసేది ఒక్కటే: అందులోవాళ్లు అన్నం తిన్నారా, లేదా.

భీమవరంలో ఆవిడ మేనకోడలు శ్రీసత్య టీవీ సీరియల్ పాత్రలతో సొంత కథలు అల్లి ఫోన్‌లో పెడుతుంది. ఫ్యాన్ ఫిక్షన్ అంటారు దాన్ని. సరదాగా రాసుకునేదానికి ప్రూఫ్ రీడింగ్ ఎందుకని మొదట్లో వాదించింది.

"ఊరికే పెట్టే అన్నమని రాళ్లు ఏరకుండా వండుతామా అమ్మా?" అంటూ సుభద్రమ్మగారు కళ్లజోడు పెట్టేసుకున్నారు.

అక్షరదోషాలు పట్టేవారు. ఆటో ఎక్కినప్పుడు ఆకుపచ్చగా ఉన్న చీర దిగేసరికి పసుపుపచ్చదైతే అదీ పట్టేవారు. కానీ అసలు వేట భోజనం కోసమే. మూడో భాగంలో రాజమండ్రిలో బస్సెక్కిన హీరో ఏడో భాగం దాకా మంచినీళ్లయినా ముట్టలేదు. ఎనిమిదో భాగంలో స్పృహ తప్పితే డాక్టర్లకి కారణం అంతుపట్టలేదు. సుభద్రమ్మగారికి మాత్రం తెలుసు. హీరోయిన్‌ని ఎత్తుకెళ్లిన రౌడీలకి కూడా ఆవిడ పట్టుబట్టి పులిహోర పెట్టించారు. రొయ్యల చెరువు నుంచి ఆలస్యంగా వచ్చి అన్నం కోసం కాచుకునే భర్త జగపతిరాజుగారు, తనకన్నా ఆ రౌడీలే నయమనేవారు.

పదో భాగంలో కొత్త విలన్ దిగింది. మాటకి ముందు ముక్కు ఎగబీల్చే, స్నేహితురాలి గుట్టు నలుగురిలో చెప్పేసే పిల్ల. కాలేజీలో ఎవరు చదివినా శ్రీసత్య స్నేహితురాలు తబిత అని ఇట్టే గుర్తుపడతారు. ఈమధ్యే ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. అయినా ప్రతి భాగం అందరికన్నా ముందు చదివేది తబితే.

సుభద్రమ్మగారు చదివి ఫోన్ తిరిగి ఇచ్చేశారు. "ఈ పిల్ల తినలేదమ్మా."

"విలన్‌కి అన్నమెందుకండీ అత్తయ్యగారూ?"

"ముందు పెట్టు. తిన్నాక నీ ఇష్టమొచ్చినట్టు తిట్టు."

శ్రీసత్య విసురుగా కూర్చుని విలన్ చేత బాక్సు తెరిపించింది. గోంగూర పచ్చడి కలిపిన అన్నం. ఆ పిల్ల అలవాటుగా సగం మూతలోకి తీసి పక్క సీటు వైపు జరిపింది. పక్క సీటు ఖాళీగా ఉంది.

శ్రీసత్య వేలు ఆగిపోయింది. రోజూ ఆ సగం తిన్నది తనే. ఇక ఎంత ప్రయత్నించినా తిట్లు రాలేదు. ముక్కు ఎగబీల్చడం కొట్టేసింది, గుట్టు చెప్పడం కొట్టేసింది. భాగమంతా మళ్లీ రాసింది. అప్పుడు చూసుకుంటే పాత ప్రతిలో అత్తయ్యగారు ఒక్క అక్షరదోషం కూడా దిద్దలేదు.

అడిగితే, "ఎలాగూ పోయే ముక్కలే కదమ్మా," అన్నారావిడ.

కథ పెట్టిన సాయంత్రం తబిత నుంచి మెసేజ్ వచ్చింది: "గోంగూర పెట్టావు, ఉల్లిపాయ ఏదే?"

శ్రీసత్య పరుగున వెళ్లి చూపించింది. సుభద్రమ్మగారు రెండుసార్లు చదివి, ముఖం చిన్నబుచ్చుకున్నారు.

"ఇది నేనెలా వదిలేశానమ్మా?"