ఎక్కడున్నావో చెప్పొద్దు

యెరెవాన్‌లో నేను అద్దెకున్న ఇంటావిడ పోయిందని, ఆమె కింది అంతస్తులో ఉండే ముసలాయన పోయిన వారం కబురు పంపాడు. అప్పుడు నేను కర్నూలులో ఆసుపత్రి బయట ఆటో కోసం నిలబడి ఉన్నాను. ఆటో వచ్చి ఆగింది. ఎక్కాలని తోచలేదు.

మెడిసిన్ చదవడానికి ఆర్మీనియా వెళ్ళినప్పుడు ఆమె ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. ఆమెను తాతిక్ అనేదాన్ని. వాళ్ళ భాషలో అవ్వ అని. ఇది విని మా అవ్వ ఫోన్లో, "ఏమ్మే, ఆడమనిషిని పట్టుకొని తాతంటావా?" అని నవ్వింది. నాకు జ్వరమొస్తే తాతిక్ నుదుటిమీద చెయ్యివేసి, "నీ నొప్పి నేను తీసుకుపోతా" అనేది. అక్కడ అందరూ అనే మాటే. మా అవ్వ మెటికలు విరిచినట్టు.

ఆమెకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఇళ్ళు కట్టే పనికి రష్యా వెళ్ళి అక్కడి పౌరుడయ్యాడు. చిన్నవాడు ఉక్రెయిన్ అమ్మాయిని చేసుకొని అక్కడి పౌరుడై ఉండిపోయాడు. ఆ రెండు దేశాలకూ యుద్ధం వచ్చాక ఇద్దరినీ సైన్యంలోకి తీసుకున్నారు. చెరో సైన్యం.

ఆదివారాలు ఆమె తమ్ముడూ, కింది ముసలాయనా కాఫీకి వచ్చేవారు. "మన ఆర్మీనియా మీదికి పొరుగువాళ్ళు యుద్ధానికి వచ్చిననాడు రష్యా చూస్తూ కూర్చుంది. ఇంకా వాళ్ళ పక్కనేనా?" అనేవాడు తమ్ముడు. "వాళ్ళను వదిలేస్తే పొరుగువాళ్ళు మనల్ని బతకనిస్తారా? నీ పడమటి దేశాలవాళ్ళు పరిగెత్తుకొస్తారా?" అనేవాడు ముసలాయన. చివరికి ఇద్దరూ ఆమె వైపు తిరిగి, నువ్వు చెప్పు అనేవారు. ఆమె కప్పులు ఎత్తుతూ, "ఏ పక్కన నిలబడినా తుపాకీ నా ఇంటి మీదికే" అనేది.

ఫోన్లు తనిఖీ చేస్తారని అన్నదమ్ములు ఒకరికొకరు రాసుకునేవారు కాదు. తాతిక్‌కు చూపు తగ్గింది. నేను తక్కువ మాట్లాడతానని నమ్మి, నాతో రాయించేది. పెద్దవాడికి, తమ్ముడు బాగున్నాడు. చిన్నవాడికి, అన్న బాగున్నాడు. చివర ఎప్పుడూ ఒకటే మాట: ఎక్కడున్నావో నాకు చెప్పొద్దు.

ఎందుకని ఒకసారి అడిగాను.

"తెలిస్తే రెండోవాడికి చెప్పాలనిపిస్తుంది. చెబితే వీడు పోతాడు. చెప్పకపోతే వాడు."

ఈ సంగతి మా అవ్వతో అన్నాను. అవ్వది కోయిలకుంట్ల దగ్గరి పల్లె. పుట్టిల్లు ఒక వర్గం, మెట్టినిల్లు ఇంకో వర్గం. ఫోన్లో గొంతు తగ్గించి చెప్పింది.

"మీ తాతోళ్ళు నన్నడిగినారు, నా తమ్ముడు యా దోవన వస్తాడని. నాకు తెలీదంటి. నిజంగానే తెలీదు. అయినా వాడు పోయినాడు. సచ్చేదాకా మాయమ్మ నా చేతి నీళ్ళు ముట్టలేదు. ఆమెకు చెప్పు పాపా. తెలీకుండా ఉన్నా తప్పదని."

ఆ మాట నాకు ఏ భాషలోనూ పలకలేదు. మా అవ్వ నిన్ను అడిగింది అని మాత్రం అన్నాను. "మీ అవ్వ నొప్పి నేను తీసుకుపోతా" అంది తాతిక్.

చదువు ముగించి వచ్చేశాక కూడా ఆమె ఫోన్లో చెబుతుంటే ఇక్కణ్ణుంచే రాసి పంపేదాన్ని.

ఆమె అంత్యక్రియలకు కొడుకులు ఇద్దరూ రాలేకపోయారు. శవపేటికను ఒక పక్క ఆమె తమ్ముడు, ఇంకో పక్క ముసలాయన మోశారట.

ఇంటికొచ్చి చెబితే అవ్వ లేచి వెళ్ళి తలమీద నీళ్ళు పోసుకుంది. అయినవాళ్ళు పోతేనే చేసే స్నానం అది.

"ఆమె మనకేమవుతుందవ్వా?"

"ఆమెను మించిన సుట్టం నాకెవరుండారు పాపా?"

అంతలో పెద్దవాడి సందేశం వచ్చింది. అమ్మ సంగతి ముసలాయన చెప్పాడట. తమ్ముడికి చెప్పావా, బాగున్నాడా అని అడిగాడు. అమ్మ పోయిందని చిన్నవాడికి నేను పంపిన మాట కింద ఒక్క టిక్కే ఉంది, ఇంకా చేరలేదు. దానిపైన తాతిక్ చివరిసారి రాయించింది ఉంది: అన్న బాగున్నాడు, ఎక్కడున్నావో నాకు చెప్పొద్దు. దాని కిందా ఒక్కటే.

"ఏం రాయాలవ్వా?"

అవ్వ ఫోన్ వైపు చూస్తూ నిలబడింది. ఆమె జుట్టులోంచి నీళ్ళు నేలమీద పరిచిన బేతంచెర్ల బండల మీద కారుతున్నాయి. తుడుచుకోవడానికి తువ్వాలు అందించాను. తీసుకోలేదు.