సాగనంపని బతుకమ్మ

పోలండులో ఎవరింటికి వెళ్లినా గడప దగ్గరే చెప్పులు విప్పిస్తారు. అది నాకు నచ్చింది. విప్పాక మన కాళ్లకు వాళ్లింటి చెప్పులు తొడుగుతారు. అది మాత్రం నచ్చలేదు. ఎవరెవరి పాదాలో దూరి నలిగిన ఆ మెత్తటి చెప్పుల్లో కాలు పెట్టాలంటే నాకు ఒళ్లు జలదరించేది. మా కింది అంతస్తు ముసలామె నా మొహం చూసి సంగతి కనిపెట్టింది. నాకోసమని ఎర్ర చెప్పుల జత ఒకటి కొని తలుపు వెనక విడిగా పెట్టింది. వేరే ఎవరైనా వాటిలో కాలు పెడితే ఊరుకునేది కాదట.

మా ఆయనకు అక్కడ ఒక కంపెనీలో లెక్కలు చూసే ఉద్యోగం దొరికింది కాబట్టి పోయాం. ఊరి పేరు వూచ్. ఒకప్పుడు అది బట్టల మిల్లుల ఊరు. మేం పోయేసరికి ఎర్ర ఇటుకల మిల్లులన్నీ మూతబడి, కొన్ని హోటళ్లుగా, కొన్ని దుకాణాలుగా మారాయి. నేను పుట్టింది కోరుట్లలో. మా బావ, అంటే అక్క మొగుడు, సిరిసిల్లలో మరమగ్గాలు నడిపేవాడు. చిన్నప్పుడు అక్కడికి పోతే రాత్రీ పగలూ ఆ చప్పుడే. అందుకేనేమో, చప్పుడు లేని ఆ మిల్లుల పక్కనుంచి నడుస్తుంటే దిగులేసేది. ముసలామె కూడా మిల్లులో నేసిన మనిషే. మగ్గాల హోరుకు ఒక చెవి పోయింది. నా వచ్చీరాని పోలిష్ ఆమెకు పెద్ద ఇబ్బంది కాలేదు. సగం ఎలాగూ వినబడదు.

నేను ఆమెను పాని అని పిలిచేదాన్ని. అక్కడ పెద్దవాళ్లయిన ఆడవాళ్లను అలాగే పిలుస్తారు. గాజు గ్లాసులో నిమ్మకాయ చెక్క వేసిన పాలు లేని చాయ్ ఇచ్చి, ఆ దేశపు పద్ధతులన్నీ నాకు నేర్పింది. గడపకు అటొకరు ఇటొకరు నిలబడి చెయ్యి కలపకూడదు. పూలు ఇస్తే బేసి సంఖ్యలో ఇవ్వాలి, సరిసంఖ్య చావుకు. అన్నీ చెప్పింది గానీ చామంతి గురించి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉంటుందని ఆమెకు ఎలా తోస్తుంది?

అక్క సంగతి ఇక్కడ చెప్పాలి. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. అక్కే పెంచింది. కోరుట్లలో మా ఇంటి అరుగు మీద, ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ, బీడీలు చుడుతూ నాకు జడలు వేసింది, చదువు చెప్పించింది, పెళ్లి చేసింది. ఆమెకు పిల్లలు కలగలేదు. నన్ను బిడ్డా అనే పిలిచేది. నాకు కోపం వచ్చినప్పుడు మాత్రం అక్కా అనేదాన్ని కాదు, ఏమే అనేదాన్ని. అదీ పడేది.

ఆదివారం ఆదివారం ఫోను చేసేది. మేం పోయిన మొదటి ఏడాది, బతుకమ్మ దగ్గర పడ్డ రోజుల్లో అడిగింది.

"గాడ తంగేడు దొర్కుతదా?"

"దొర్కది అక్కా."

"గునుగు?"

"అదిగూడ లేదు."

"మరేం దొర్కుతదే గా దేశంల?"

"ఆలుగడ్డ."

నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగింది. బీడీ పొగాకు దుమ్ము చిన్నప్పటి నుంచీ ఆమె గొంతులో ఉండేదే కాబట్టి ఆ దగ్గును నేను పెద్దగా లెక్కపెట్టలేదు. దగ్గు ఆగాక అన్నది, "ఏ పువ్వన్న కానీ, పేర్చు. పేర్చకుంట ఉండకు. ఈడ మేం రోడ్ల మీదనే ఆడుతున్నం. తెలంగాణ అచ్చేదాక ఇండ్లల్లకు పోమంటున్నరు అందరు."

ఏ పువ్వైనా పరవాలేదన్న మాట పట్టుకుని ఊరంతా తిరిగాను. అక్టోబరు చలికి చెట్లన్నీ ఆకులు రాలుస్తున్నాయి. పూల దుకాణంలో గులాబీలు ప్లాస్టిక్ కాగితాల్లో చుట్టుకుని ముడుచుకున్నాయి. ట్రాము ఎక్కి ఊరి చివరికి పోతే, ఒక పెద్ద గోడ పొడుగునా బల్లలు వేసుకుని ఆడవాళ్లు చామంతులు అమ్ముతున్నారు. పసుపు, తెలుపు, ముదురు ఎరుపు. ఒక్కో కుండీలో గంపెడు పూలు. నాకు పట్టపగ్గాలు లేవు. చేతుల్లో పట్టినన్ని కొన్నాను. గోడ అవతల ఏముందో చూడాలన్న ఆలోచనే రాలేదు.

క్యాబేజీ ఆకులు పరిచి, స్టీలు తాంబాలంలో వరసలు వరసలుగా పేర్చాను. పైన పసుపు గౌరమ్మ, పక్కన దీపం. ఎవరికో ఒకరికి చూపించకపోతే ప్రాణం ఆగేలా లేదు. తాంబాలం ఎత్తుకుని కిందికి పోయి పాని తలుపు తట్టాను.

తలుపు తీసింది. పూలను చూసింది, దీపాన్ని చూసింది. మొహం పాలిపోయింది. గడప దాటి బయటికొచ్చి, నా భుజం పట్టుకుని మెల్లగా అడిగింది, "ఎవరు పోయారమ్మా?"

నేను పళ్లికిలించి, "పండుగ," అన్నాను.

అప్పటికి ఆమె మొగుడు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ సంగతి నాకు తెలుసు. అక్కడ చామంతి సమాధుల పువ్వు అన్న సంగతే తెలియదు. నవంబరు మొదటి రోజున దేశమంతా శ్మశానాలకు పోయి, రాళ్లు కడిగి, చామంతులు పెట్టి దీపాలు వెలిగిస్తారట. మామూలు రోజున ఆ పువ్వు పట్టుకుని ఎవరింటికీ పోరట. ఇవన్నీ ఆమె నన్ను లోపల కూర్చోబెట్టి, ఎర్ర చెప్పులు తొడిగి, చాయ్ ఇచ్చాక చెప్పింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. తర్వాత ఆమే నా బతుకమ్మ చుట్టూ ఒకసారి తిరిగి చూసి, పేరేమిటని అడిగింది. చెప్పాను. "బతుకమ్మ," అని నోట్లో తిప్పుకుంది. ఆ చలికాలమే ఆమె మొగుడు పోయాడు. నా పూలకూ దానికీ సంబంధం లేదని ఆమె నాకు ఒకటికి రెండుసార్లు చెప్పింది.

పూలు పేర్చిన నాటి రాత్రే అక్క ఫోను.

"సాగనంపినవా?"

మా ఇంట్లో అదొక పట్టింపు. పేర్చిన చెయ్యే నీళ్లలో వదలాలి, అదీ ఆ పూటే. ఇంట్లో ఉంచుకోకూడదు.

"సాగనంపిన."

"ఏడ?"

"తానాల తొట్టిల."

అక్క నవ్వు ఆగలేదు. పక్కనున్న అమ్మలక్కలందరికీ చెప్పి మళ్లీ మళ్లీ నవ్వింది.

మరుసటి ఏడాది తెలంగాణ కోసం సమ్మె జరిగిన ఏడాది. బస్సులు లేవు, బళ్లు లేవు, ఆఫీసులు లేవు. అక్కది ఉత్త దగ్గు కాదని జగిత్యాల దవాఖానాలో తేల్చారు. బావ మాట దాచలేదు. "ఇంటికి తీస్కపొమ్మన్నరు బిడ్డా. నువ్వు పండుగకు అస్తె మంచిది," అన్నాడు. నాకు అప్పటికి ఒక ఇండియన్ హోటలు వంటింట్లో పని. దసరా దాకా సెలవిచ్చారు.

హైదరాబాదు నుంచి కారు మాట్లాడుకుని బయల్దేరాను. సిరిసిల్ల దగ్గర రోడ్డు మూసేశారు. ఒక పక్క రాళ్ల పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నారు, మరో పక్క ఆడవాళ్లు నడిరోడ్డు మీద బతుకమ్మలు పెట్టి ఆడుతున్నారు. డ్రైవరు దిగి బతిమాలాడు. ఒక పెద్దామె కారు కిటికీలోకి వంగింది.

"ఏడికెల్లి అస్తున్నవ్ బిడ్డా?"

"పోలండు నుంచి. కోరుట్ల పోవాలె. మా అక్కకు బాగలేదు."

"గంత దూరంకెల్లి అచ్చినవా," అని ఆమె వెనక్కి తిరిగి రాళ్లు జరపమని చెప్పింది. మళ్లీ నా వైపు తిరిగి, "ఒక్క సుట్టు ఆడి పో. మీ అక్కకు మంచిగైతది," అన్నది.

దిగాను. అందరితో కలిసి చప్పట్లు కొడుతూ ఒక చుట్టు తిరిగాను. ఆ చుట్టు ఎంతకూ తెగలేదు. అందరూ మధ్యలోని బతుకమ్మల మీద చూపు నిలిపి ఆడుతుంటే, నా కళ్లు మాత్రం వాటిలోని చామంతుల మీద పడి పక్కకు జారిపోయాయి. చందుర్తి దాటేదాకా కారు కిటికీలోంచి వెనక్కే చూస్తూ కూర్చున్నాను.

అక్క మంచంలో చాటలో పట్టేంతగా చిక్కిపోయింది. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయింది. "సన్నబడ్డవే," అన్నది నన్ను. నాకు ఒళ్లు మండింది. ఎవరు ఎవర్ని అనాల్సిన మాట అది?

సద్దుల బతుకమ్మ నాడు పూలన్నీ ముందే తెప్పించి మంచం పక్కన గంపల్లో పెట్టించింది. తనకు పేర్చే ఓపిక లేదు కాబట్టి నేనే పేర్చాలి, తాను చూడాలి. ఈ ఒక్క కోరికా పెట్టుకుని నాకోసం కాచుకుని ఉంది. గునుగు పేర్చాను. తంగేడు పేర్చాను. బంతి పేర్చాను. చామంతి గంప ముట్టుకోలేదు. పాలిపోయిన పాని మొహం, గడప దగ్గర ఆమె ప్రశ్న నా చేతుల్ని వెనక్కి లాగుతున్నాయి. నా పండుగ పువ్వు నా కళ్లముందే నాకు కాకుండా పోయింది.

"చామంతి పెడ్తలేవేందే?" అన్నది అక్క.

అబద్ధం ఆడాలనిపించలేదు. చెప్పాను. ఆ దేశంలో అది గోరీల మీది పువ్వని, పాని నన్ను ఎవరు పోయారని అడిగిందని, నీ ముందర ఈ పువ్వు పెట్టాలంటే నాకు భయమైతుందని చెప్పి ఏడ్చాను.

అక్క చూపు పూల గంప మీదికి పోయింది.

"పువ్వుకేం ఎరుకనే," అన్నది. "మనం ఏడ వెడ్తె ఆడ ఉంటది. పెట్టు."

పెట్టాను. వరస వంకర పోతే వేలు చూపించి సరిచేయించింది. సాయంత్రం నేను బతుకమ్మ ఎత్తుకుంటే మంచంలోంచే చేతులు జోడించింది. చెరువులో వదిలి వచ్చేసరికి కళ్లు తెరుచుకుని వాకిలి వైపే చూస్తోంది.

"సాగనంపినవా?"

"సాగనంపిన అక్కా."

"తొట్టిల గాదు గద?"

అదే ఆమె ఆఖరి హాస్యం. సెలవు అయిపోయింది, నేను వెళ్లిపోయాను. ఇంకో పది రోజులు ఉంటానని హోటలు వాళ్లకు ఫోను చేయబోతే అక్కే వద్దన్నది. "పని పోగొట్టుకోకు, మల్ల ఎండకాలం రా," అన్నది. ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఎండకాలం మామిడికాయల గురించి మాట్లాడుకున్నాం.

అక్టోబరు ఆఖర్లో ఒక మధ్యాహ్నం, వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తుండగా బావ ఫోను చేశాడు.

"పొద్దుగాల పోయింది. మాపటికి తీస్కపోతున్నం. నువ్వు అందుకోవు బిడ్డా. రాకు."

ఏ విమానం ఎక్కినా అందదు. మా దగ్గర పీనుగను ఉంచుకోరు. నేను ఎక్కడో మబ్బుల మీద ఉండగానే అక్క బూడిదవుతుంది. నన్ను పెంచిన మనిషి నోట్లో నాలుగు బియ్యపు గింజలు కూడా వేయలేకపోయాను. కత్తి అక్కడే పెట్టి, ఆప్రాన్‌తోనే బయటికొచ్చి ట్రాము ఎక్కాను. ఎక్కడ దిగానో చూసుకుంటే, అదే గోడ, అవే బల్లలు. పసుపు చామంతులు కొన్నాను.

మెట్ల మీద పాని ఎదురైంది. చేతిలోని కుండీలు చూసి మొహమంతా నవ్వు చేసుకుంది. ఏడాది కిందట నేర్చుకున్న మాట వంకర నాలుకతో పలికింది. "బతుకమ్మ?"

"కాదు పాని," అన్నాను. "ఈసారి మీ పువ్వే."

ఆమెకు అర్థమైంది. కుండీలు నా చేతుల్లోంచి తీసి కింద పెట్టి, నన్ను మెట్ల మీదే కూర్చోబెట్టి తనూ పక్కన కూర్చుంది.

నవంబరు మొదటి రోజున నన్ను తనతో శ్మశానానికి తీసుకుపోయింది. ఇద్దరం కలిసి ఆమె మొగుడి రాయి కడిగాం. ఆ తర్వాత, శ్మశానం నడుమ నిలబెట్టిన పెద్ద సిలువ దగ్గరికి తీసుకుపోయింది. సమాధులు దూరాన ఉన్నవాళ్లకు, అసలు సమాధే లేనివాళ్లకు అక్కడ దీపాలు పెడతారని చెప్పింది. సిలువ చుట్టూ నేల కనబడకుండా దీపాలు. ఎంతమంది తమవాళ్లను ఎక్కడెక్కడో పోగొట్టుకున్నారో.

నేను ఇంటి దగ్గరే చామంతులు తుంచి తాంబాలంలో పేర్చి తెచ్చాను. ఒట్టి చామంతులే. గౌరమ్మను పెట్టాను, పక్కన దీపం పెట్టాను. దీపాల మధ్య దించాను. పక్కనున్న వాళ్లు జరిగి చోటిచ్చారు. పొద్దుగూకింది. నాకు అలవాటు కొద్దీ చేతులు తాంబాలం కిందికి పోయాయి, ఎత్తి నీళ్ల దగ్గరికి తీసుకుపోదామని.

పాని నా మణికట్టు పట్టుకుంది. "దీన్ని తీసుకుపోతే మీ అక్కకు దీపం ఎక్కడ?" అన్నది.

వదిలేశాను. వారం తర్వాత ఒక్కదాన్నే పోయి చూశాను. మంచుకు పూలన్నీ నల్లబడ్డాయి. గౌరమ్మ రాయిలా గట్టిపడింది. ఎత్తుదామని వంగాను. చెయ్యి రాలేదు.

తెలంగాణ వచ్చింది. ఆ తర్వాత మేమూ వచ్చేశాం. ఇప్పుడు జగిత్యాలలో ఉంటున్నాం. ఇంటికి వచ్చినవాళ్లకు ఇంట్లో చెప్పులు ఇస్తే నవ్వుతారు, ఇస్తూనే ఉంటాను. పాని ఇచ్చిన ఎర్రచెప్పులు మాత్రం నేనే తొడుక్కుంటాను. ప్రతి ఏడూ బతుకమ్మ పేరుస్తాను, చామంతి పెడతాను, చెరువుకు పోయి వదులుతాను. తిరిగి వచ్చి వాకిట్లో కాళ్లు కడుక్కుంటుంటే అక్క గొంతు అడుగుతుంది, సాగనంపినవా అని.

అన్నింటినీ సాగనంపిన అక్కా. ఆ ఒక్కటి తప్ప.