గడ్డం ఎప్పుడు ఊడింది?

దొరికిందండీ, మా సినిమా దొరికింది. నిన్న మధ్యాహ్నం టీవీలో వేశారు. మొదటి రీలు నుంచి ఆఖరు దాకా కదలకుండా చూశాను. ఈ కబురు కడుపులో ఇమడక ముందు మీకే చెబుతున్నాను.

ఆ రోజుల్లో, అంటే రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో, మాకు సినిమా అంటే డేరాలో ఆడేదే. ఒకే సినిమా పెట్టె మదనపల్లెలో ఆడి, బస్సు టాపు మీద పుంగనూరుకు, అక్కణ్ణుంచి కుప్పానికి వెళ్ళేది. ఈ సినిమా మదనపల్లె దాటగానే వాన పట్టుకుని, రీలు డబ్బాల మీది నంబరు కాగితాలు ఊడిపోయాయట. (ఎన్నో ఏళ్ళ తరవాత పుంగనూరు ఆపరేటరే చెప్పాడు.) ఆపైన ఏ ఊళ్ళో తోచిన వరుస ఆ ఊరిది. పరీక్షలు రాసి పుంగనూరులో మా ఇంట్లో ఉన్నప్పుడు నేను చూసిన కథలో ముందు పెళ్ళయిపోతుంది. తరవాత పెళ్ళికొడుకు గడ్డం అతికించుకుని, సంగీతం పంతులుగా వచ్చి సొంత పెళ్ళానికే సరిగమలు నేర్పుతాడు. చివర్లో పాట మధ్య గడ్డం ఊడిపడుతుంది. కట్టుకున్నదాన్ని మళ్ళీ మెప్పించాలనుకునే మొగుడు ఎంత గొప్పవాడని మురిసిపోయి మూడుసార్లు చూశాను.

ఆ ఏడే బి.ఏ. పాసయ్యాను. మా వంశంలో పలక పట్టినవాళ్ళలోనే నేను మొదటివాణ్ణి. మిషన్ ఆసుపత్రిలో వార్డులు కడిగే మా నాయన, నిద్రపోయే రోగులను లేపి మరీ ఈ సంగతి చెప్పాడు. ఆ ఊపులోనే కుప్పానికి పెళ్ళిచూపులకు లాక్కెళ్ళాడు. పిల్ల నర్సు. తండ్రి బడిపంతులు, చర్చి సంఘ పెద్ద. సినిమా చూసినవాళ్ళను రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభు భోజనపు బల్ల దగ్గరికి రానివ్వడని పేరు. నాకేమో ఫోటోలోనే పిల్ల నచ్చేసింది. ఎలాగైనా ఈ సంబంధం తప్పిపోకూడదనుకున్నాను.

ప్రార్థన అయింది. కాఫీ అయింది. "బి.ఏ. కదప్పా, ఏమన్నా మాట్లాడు" అన్నాడు పిల్ల తండ్రి. చదివిందాంట్లో ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. ఆలుమగల అనురాగం గురించి మొదలుపెట్టి, ఉదాహరణకని గడ్డం మొగుడి కథంతా చెప్పేశాను. మా నాయన నా కాలు తొక్కాడు.

"యాడ సూసినావప్పా ఇది?" అన్నాడాయన మెల్లగా.

నేను నోరు తెరిచేలోగా పిల్ల అందుకుంది. "ఆయప్ప సెప్పేది తప్పు నాయనా. గడ్డం మొదట్లోనే ఊడిపోతాది. ఆ పిల్లకు అంతా తెలుసు. తెలిసే, ఏమీ ఎరగనట్ల పాట నేర్చుకుంటా వాణ్ణి ఆడిస్తాండాది."

"నీకెట్ల తెలుసు?"

ఆమె నా వైపు తిరిగి, "కత కూడా సరిగ్గా సెప్పలేకపోతే బి.ఏ. యాల సదివినట్ట?" అంది.

నాకు పౌరుషమొచ్చింది. "నేను మూడుతూర్లు సూసినా."

"నేను నాలుగుతూర్లు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇక లేచి పొమ్మంటాడని మా నాయన తువ్వాలు భుజాన వేసుకున్నాడు కూడా.

"ఇద్దరిదీ తప్పే" అన్నాడాయన. "ముందు గడ్డంతో వస్తాడు, పాటలో ఊడతాది, ఆపైన పెండ్లి. మదనపల్లె డేరాలో..." అని ఆగిపోయాడు.

 మా నాయన భుజాన వేసుకున్న తువ్వాలు మళ్ళీ తీసేసి, "అయితే సార్, పెండ్లి యాడ పెట్టుకుందాం, ఈడనా మా ఊర్లోనా?" అన్నాడు.

అప్పట్నుంచీ మా ఇంట్లో ఈ వాదం నడుస్తూనే ఉంది. నిన్న తేలిపోయింది, మామగారిదే నిజం. (కథ సాఫీగానే ఉంది గానీ, పుంగనూరు కథే నయమనిపించింది.) పక్కనే కూర్చుని చూసిన మా ఆవిడ మాత్రం, "టీవీవోళ్ళు రీళ్ళు తారుమారు చేసేసినారు" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఇంకా ఫోన్ చేయాల్సినవాళ్ళు: ఎప్పుడూ తల్లి పక్షమే పట్టే పెద్దమ్మాయి, తండ్రి గెలిచాడని తెలియాల్సిన శాంతిపురం బావమరిది, డేరాలో నా పక్కన నేల మీద కూర్చుని చూసిన చౌడేపల్లె స్నేహితుడు. వాడు ఆ కథను నమ్మి, పెళ్ళయ్యాక భార్యను మెప్పించడానికి పాట నేర్చుకున్నాడు. ఇప్పటికీ సాయంత్రాలు ఆమెకు పాడి వినిపిస్తాడు. వాడికి ఆఖరున చేస్తాను. చేసినా, ఏం చెబుతానో మరి.