సుగుణమ్మ గారు ఎక్కని మలుపు

ఇందులో ప్రతి అక్షరం నిజం. నన్నెరిగినవాళ్ళు నవ్వుతారని తెలుసు, అయినా మా అమ్మ మీద ఒట్టేసి చెబుతున్నాను. పొద్దుట్నుంచీ ముసురు. వరండాలో ఆరబెట్టిన బూట్లలోంచి తడి కాన్వాసు వాసన వస్తోంది. ఆ వాసన తగిలితే చాలు, నా పిక్కలు వాటంతటవే నొప్పెడతాయి. సుగుణమ్మ గారు గుర్తొస్తారు.

ధవళేశ్వరంలో నేను గుమాస్తాగా చేరిన ఆఫీసులో ఆవిడ డ్రాయింగు సెక్షనుకి హెడ్డు. ఉద్యోగమంతా గోదావరిని కాగితం మీద గీయడంతోనే గడిచింది. లంకలూ పాయలూ కాలవలూ చూడకుండా గీసేవారు. నేను ఆలస్యంగా వచ్చినప్పుడల్లా ఒక కథ తెచ్చేవాణ్ణి. ఒకసారి బస్సులోకి పులస ఎగిరిపడిందని చెప్పాను. మిగతావాళ్ళు కసిరారు. ఆవిడ మాత్రం పెన్సిలు పక్కన పెట్టి, పూర్తిగా విని, "అలాగా! మరి పులుసు ఎవరింట్లో పెట్టారండీ?" అని అడిగారు. నేను గబగబా హాజరు పట్టీలో సంతకం పెట్టి నా సీటుకేసి నడిచాను. "పర్లేదు, రేపటికి ఆలోచించుకు రండి" అన్నారు. అబద్ధమాడేవాడికైనా చివరిదాకా బాధ్యత ఉంటుందని నాకు నేర్పింది ఆవిడే.

రిటైరయ్యే ముందు వానాకాలంలో ఆవిడ ఒకే ఒక్క కోరిక కోరారు. "గోదారిని పైనుంచి ఒక్కసారి చూడాలండీ. నేను గీసినట్టే ఉందో లేదో." పట్టిసీమ అవతల అడవిలో ఒక కొండ ఉందనీ, దాని మీదికెక్కితే నది మలుపంతా కనబడుతుందనీ ఎవరో చెప్పారు. ఒక రెండో శనివారం సెక్షనంతా జీపులో పడి వెళ్ళాం. డెల్టా మనుషులం, మాకు తెలిసిన ఎత్తల్లా కాలవ గట్టే. ఆ ధీమాతోనే జోరుగా మొదలెట్టి, సగం దారిలోనే నాలుకలు బయటపెట్టాం. ఈలోగా వాన పట్టుకుంది. ఆ వాన పైనుంచి పడలేదు, లోయలోంచి పైకి కురిసింది. జలగలు చిక్కుడుకాయలంత ఉన్నాయి. ఒకటి నా చెవిదాకా వచ్చి, లోపల ఏం దొరకదనుకుందో ఏమో, వెనక్కి తిరిగింది.

ఇంకొక్క మలుపు తిరిగితే శిఖరం అనగా నాకు ఊపిరాడలేదు. ఒక బండ మీద కూలబడ్డాను. "వెళ్ళిపొండి, నన్నిక్కడే పూడ్చేయండి" అన్నాను.

"ఈయనకి సరిపడా గొయ్యి ఎవరు తవ్వుతారండీ బాబూ!" అన్నాడు డ్రైవరు సూరిబాబు. "మీరెళ్ళండి మేడం, నేను కూచుంటాను."

"తీసుకొచ్చింది నేను కదండీ. మీరు చూసి రండి."

"అసలు మీ కోసమే కదండీ వచ్చింది!"

"ఊపిరాడని మనిషిని వదిలేసి నేను నదేం చూస్తానండీ? వెళ్ళండి, మళ్ళీ చీకటి పడిపోద్ది."

వాళ్ళు వెళ్ళారు. ఆవిడ నా పక్కన కూర్చుని గొడుగు నా మీదికి వంచారు. నేనేదో కథ మొదలెట్టబోతే, "ఇప్పుడు కథొద్దు. పీల్చండి. వదలండి" అన్నారు. చాలాసేపు అదే మాట. ఆవిడ చీర కుచ్చిళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. కళ్ళు మాత్రం ఆ మలుపు మీదే ఉన్నాయి. పైకెళ్ళినవాళ్ళు దిగివచ్చి, "ఏం లేదండీ మేడం, అంతా మబ్బే" అన్నారు. "అయితే పోయిందేం లేదు, లెగండి" అని ఆవిడ నా చెయ్యి పట్టుకుని లేపారు.

తరవాత ఆవిడకి మోకాళ్ళు పట్టేశాయి, మళ్ళీ ఏ కొండా ఎక్కలేదు. పోయినేడు కన్నుమూశారు. ఇప్పుడు ఆఫీసులో పెద్దవాణ్ణి నేనే. పని అందుకోలేని కుర్రాడి పక్కన కూర్చుని సాయంత్రందాకా చెప్పిందే చెబుతుంటాను. ఇంటికొచ్చేసరికి ఒళ్ళు హూనమైపోతుంది. ఆవిడా ఇలాగే అలిసిపోయి ఉంటారు. ఆ ముఖంలో అలసట నాకెప్పుడూ కనబడలేదో, కనబడినా పట్టించుకోలేదో.

ఒట్టేశాను కాబట్టి ఒకటి ఒప్పుకోవాలి. జలగలు అంతే ఉన్నాయి. వాన కిందనుంచి కురిసిన మాటా నిజమే. మబ్బు మాత్రం లేదు. సరిగ్గా అప్పుడే తెరిపిచ్చింది. పైనుంచి వాళ్ళ కేరింతలు మా బండదాకా వినబడ్డాయి. ఆవిడ లేచి నిలబడ్డారు, నా వైపు చూశారు, మళ్ళీ కూర్చున్నారు. సూరిబాబు దిగివచ్చి ఫోనులో ఫోటో చూపించబోతే, "వద్దండీ, బొమ్మలు చాలా చూశాను" అన్నారు. ఈ కథ చెప్పిన ప్రతిసారీ ఆ కొండ మీద మబ్బు కప్పుతున్నది నేనే.