ముసుగు వీరుడికి దారి చెప్పిన గొంతు

పోయిన వినాయక చవితి నాడు సాయంత్రం ఆరు గంటల పది నిమిషాలకు గద్వాలలో మా వీధి మండపం దగ్గర మైకు కట్టారు. ఏటా ఆ వేళకు నా భార్య తమ్ముడు నల్ల ముసుగు కట్టుకుని, మా మగ్గం కర్రను కత్తిగా పట్టుకుని, పాత సైకిలే గుర్రమన్నట్టు దాని మీంచి దూకేవాడు. దూకగానే ముసుగు జారి కళ్లు మూసేది. "దొంగ ఎటున్నడు? జర చెప్పుండ్రి!" అంటూ మండపం గుంజతో కత్తియుద్ధం చేసేవాడు.

ముందు వరుసలోంచి నా భార్య "నీ ఎనకనే ఉన్నడురా, ఎడ్డోడా!" అని అరిచి, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వేది. మర్నాడు నా పక్కన మగ్గం మీద కూర్చుని కూడా తలచుకుని నవ్వేది. నాకు పోగు తప్పేది. నేను పుస్తకాల్లోని హాస్యం చదివి వినిపిస్తే మాత్రం "మంచిగుంది" అని ఊరుకునేది. వాణ్ణి చూస్తే నాకు కుళ్లుగా ఉండేది.

ఆ చవితికి ముందు ఎండాకాలంలో ఆమె చనిపోయింది. మండపం వాళ్లు వేషానికి పిలిస్తే వాడు ముసుగు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఎటు తిరగాల్నో అక్కనే చెప్పేది బావా. ఇగ నేనెట్ల చేస్త?"

ఊరడించాల్సింది పోయి మళ్లీ అసూయపడ్డాను. ఆమె కోసం మానేయడానికి వాడికి ఆ వేషమన్నా ఉంది. నేను మాత్రం మర్నాడు పొద్దున్నే, ఇద్దరు కూర్చుంటే గాని నడవని మగ్గం మీద ఆమె చోట వేరే మనిషిని కూర్చోబెట్టుకుని నేతకు దిగాను.

మా వీధిలో ఇప్పుడు ముసుగు వీరుడి వేషం ఎవరూ వేయడం లేదు.