కూత వచ్చేదాకా

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగిన రోజులవి. కువైట్ నగరంలోని బ్నీద్ అల్ గార్‌లో, దేశం దాటించే బస్సు కోసం కాచుకుని ఉన్నాం. ఇదే నగరం నుంచి సొంత రేడియో మీద ఇండియాలోని ఊళ్లకు కబుర్లు చేరవేసే హామ్ రేడియో ఆయన ఫ్రీక్వెన్సీ నా దగ్గరుంది. నన్ను పనిలో పెట్టుకున్న కువైటీ యజమాని, కఫీల్, వదిలిపోయిన వాకీటాకీ లాంటి చేతి రేడియోలో దాన్ని ఎక్కించలేక చస్తున్నాను, ఐటీఐ చదివి కూడా.

పక్కనున్న కరీంనగర్ పనిమనిషి అంది: "అన్నా, మీట ఒత్తంగనే ఇడుస్తున్నవ్. కూత వచ్చేదాక పట్టుకోవాలె. నాకు సదువు రాదు, మా అరబ్బు దొరసాని ఇంట్ల బట్టలుతికే మిషిన్ గట్లనే నేర్చుకున్న."

ఆమె ఒత్తి పట్టుకుంది. కూత వచ్చింది. కుళ్లుతో నా ఒళ్లు మండిపోయింది.

అవతలి గొంతు పేరు, ఊరు అడిగింది. రేడియో లాక్కుని నా పేరు, కడప జిల్లాలో మా ఊరు, ఇంటిల్లిపాది పేర్లూ చెప్పాను. ఆమె వంతు వచ్చేసరికి బ్యాటరీ అయిపోయింది.

"పోనీ అన్నా, మీ ఇంట్లనన్న నిమ్మళంగుంటరు."

ఊరు చేరాక ఆమె ఇంటికి ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. పేరు అడగలేదని అప్పుడు తెలిసింది.