కాలువ కింద జొన్న వేసిన మా మేనత్త

మా మేనత్త పోయింది. మొన్న బుధవారం పొద్దున నేను పొలంలో ఉంటే మా బావ, అంటే ఆమె కొడుకు, గట్టు మీదికి వచ్చి "అమ్మ పోయిందిరా" అన్నాడు. చేతిలోని పార అక్కడే పడేసి ఆయన వెంట నడిచాను. ఎనభై దాటిన మనిషి, మంచాన పడకుండా పోయింది, అదృష్టవంతురాలన్నారు అందరూ. నిజమే కావచ్చు. నాకు మాత్రం ఏడుపుతో పాటు ఒక గర్వం కూడా కలిగింది. అది చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు.

మాది త్రిపురారం దగ్గర, కాలువకు చిట్టచివరి ఊరు. కాగితాల మీద మేమూ సాగర్ ఆయకట్టు వాళ్లమే. నీళ్లు మాత్రం పై ఊళ్లన్నీ తడిశాక, వస్తే వచ్చినట్టు. అయినా మా పొగరు మాది. కాలువ రాకముందు జొన్న తిని బతికిన ఊరు, కాలువ వచ్చాక జొన్న పేరెత్తడమే మానేసింది. సూర్యాపేట చుట్టాల ముందు "మేం వరి పండించెటోళ్లం" అని మీసం దువ్వేవాళ్లం. ఇంట్లో జొన్నలుంటే, చుట్టం వచ్చే వేళకు గంప కింద దాచేవాళ్లు. నవ్వకండి, మా అమ్మ కూడా దాచింది.

మేనత్తకు ఆ సిగ్గు లేదు. ఏటా వరి మడి చుట్టూ, గట్టు వెంబడి ఒక్క సాలు జొన్న వేసేది. ఆ గింజల్లో బూడిద కలిపి కుండలో పోసి, మూతికి పేడ మెత్తేది. "మనకెందుకత్తా ఈ జొన్నలు?" అని నేను ఎగతాళి చేస్తే, "ఉండనీరాదు, అవేమన్న నిన్ను అన్నమడిగినయా?" అనేది.

ఇంకో అలవాటు కూడా ఉండేది. ఆరుద్ర కార్తె వచ్చిందంటే పొద్దున్నే మెట్ట చెలకల్లోకి వెళ్లి, నడుం వంచి ఆరుద్ర పురుగుల కోసం వెతికేది. ఎర్రగా, మఖమల్ గుడ్డలా మెత్తగా ఉంటాయి. నేల లోపలిదాకా తడిస్తేనే పైకి వస్తాయి. అవి ఏటికేడు ఆలస్యమవుతున్నాయని కనిపెట్టింది ఆమే. "వానలు ఎనకటి లెక్క లెవ్వురా. కార్తె పంచాంగంల వస్తున్నది గని చేన్ల వస్తలేదు" అనేది. వాతావరణం మారిపోతోందని రేడియోలో ఒక పెద్దాయన చెప్పగా నేను విన్నది చాలా ఏళ్ల తర్వాత. బడి మొహం చూడని మా అత్త నోట ఆ సంగతి అప్పటికే విని ఉన్నాను.

ఎనభైల చివర్లో ఒక ఏడు రోహిణి కార్తెలోనే మంచి వాన పడింది. ఊరంతా నారు పోసింది, నేనూ పోశాను. అత్త పోయలేదు.

"పురుగే బయటికి రాలె, నీకేం తొందరొచ్చిందిరా అల్లుడా?"

"పురుగునడిగి ఎవుసం చేస్తమా అత్తా?" అన్నాను, పెద్ద తెలివైనవాడిలా.

బావి నీళ్లతో నారైతే లేచింది. నాటు వేయడానికే నీళ్లు లేవు. సాగర్ నిండలేదు. ఇవాళ వదులుతారు, రేపు వదులుతారు అంటూ శ్రావణం కూడా దాటిపోయింది. నారు ముదిరి ఎందుకూ పనికిరాకుండా పోయింది. మా నాన్న నాకు ఇచ్చి పోయింది ఒక జత ఎడ్లు. కొట్టంలో గడ్డి అడుగంటింది. పంట లేకపోతే ఎడ్లను అమ్ముకుని మిర్యాలగూడ మిల్లులో బస్తాలు మోయాలి. మా ఊరి వాళ్లు ఇద్దరు అప్పటికే పోయారు. ఒకసారి ఎడ్లు చేయి దాటితే మళ్లీ రైతునవుతానన్న నమ్మకం నాకు లేదు.

అప్పుడు వచ్చింది అత్త. "అల్లుడా, మడిల జొన్న ఏద్దాం. మొన్నటి జల్లుకు నేలల జర పదునున్నది. నీ ఎడ్లు, నా ఇత్తనం."

నాకు మండిపోయింది. "కాలువ కింద జొన్ననా? మంది మొకాన ఉమ్మరా? రేపు నీళ్లొస్తే ఏం జేస్తవ్?"

"వస్తే మంచిదేనాయె, దున్నేసి నాటేస్తం. రాకపోతే ఎడ్లకు ఏమేస్తవురా, నీ ఇజ్జతేస్తవా?"

నా ఎడ్లను ఇవ్వను పొమ్మన్నాను. తల్లి లాంటి మనిషిని అంత మాటన్నాను. ఆమె వేములపల్లి నుంచి ఎవరివో ఎడ్లు కిరాయికి తెచ్చి, తన రెండెకరాలూ దున్నించి జొన్న వేసింది. ఊరు గట్టు మీద నిలబడి నవ్వింది. "పెద్దమ్మా, నీ వంతు కాలువ అమ్ముకున్నవా ఏంది?" అన్నాడు ఒకాయన. అత్త తలెత్తకుండానే, "మీరు కావలుండుర్రి. నీళ్లొస్తే నన్ను జర పిలువుర్రి" అంది.

వారానికి ఇంకో జల్లు పడింది. ఆమె మడిలో మొలకలు వరసలు వరసలుగా లేచాయి. నా మడి నోరు తెరుచుకునే ఉంది. సాయంత్రం వెళ్లి ఆమె అరుగు మీద కూర్చున్నాను. నేను అడగకముందే ఆమె లోపలికెళ్లి ఒక విత్తనాల మూట తెచ్చి నా ఒళ్లో పెట్టింది. నాకని ముందే తీసి ఉంచింది!

"జల్దిన పో. పదునారితే మళ్ల దొరకదు" అంది. ఒక్క ఎత్తిపొడుపు మాట లేదు. ఆ మూట పట్టుకుని ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు?

తర్వాత ఊరు కూడా ఒక్కొక్కరుగా వచ్చింది, నవ్విన ఆయన అందరికంటే ముందు. దోసెడు దోసెడుగా కుండ ఖాళీ అయ్యేదాకా పంచింది. ఒక్కటే షరతు పెట్టింది: "వచ్చేయేడు కాలువ నిండుగ పారినా సరే, గట్టెంబడి ఒక్క సాలు ఏయాలె."

ఆ ఏడు కాలువ మా దాకా రానే లేదు. జొన్న విరగపండిందని కోతలు కోయను, గింజ సన్నం. కానీ చొప్ప వచ్చింది, ఎడ్లు నా కొట్టంలోనే ఉన్నాయి. తర్వాతి ఏళ్లలో మిర్యాలగూడ మిల్లుకు నేను వడ్లు తోలుకుని పోయానే గానీ బస్తాలు మోయడానికి పోలేదు.

తొంభైల్లో వానలకు ఇంకా తిక్క పట్టింది. పడితే గట్లు తెగేలా, లేకపోతే నెలంతా చుక్క లేకుండా. ఒకసారి కోదాడ చుట్టం ఒకాయన మా పొలాలు చూసి, "ఇదేంటండీ, వరి చుట్టూ జొన్నేశారు?" అని అడిగాడు. ఒకప్పుడు గట్టు మీద నవ్విన మనిషే ఛాతీ విరుచుకుని, "మా పెద్దమ్మ పెట్టిన కాయిదా, తప్పేది లేదు" అన్నాడు.

మా వైపు మనిషి పోయిన మూడో రోజు పిట్టకు పెడతారు. అన్నమూ, పోయినవాళ్లకు ఇష్టమైనవీ విస్తట్లో పెట్టి, పిట్ట వచ్చి ముట్టాలని దూరంగా నిలబడతాం. ఆ పొద్దున లేచేసరికి వాడకట్టంతా ఒకటే చప్పుడు. జొన్నరొట్టెను అరచేత్తో కొట్టి చేయాలి, అది నాలుగిళ్లకు వినిపిస్తుంది. ఒకప్పుడు అందుకే తలుపులు మూసుకుని కొట్టేవాళ్లు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు గానీ, ఆ రోజు ఒక్క ఇంటి తలుపూ మూసి లేదు. బావ విస్తట్లో అన్నం పెట్టి పక్కకు జరిగాడు. ఊరి ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, తెచ్చిన రొట్టెను దాని మీద పెట్టి వెళ్లారు. కాసేపటికి ఆ విస్తట్లో వరి అన్నం ఒక్క మెతుకు కూడా కనిపించలేదు.